తాళం వేసి వెళ్లినవాళ్ల ఊళ్లలో తొమ్మిది రోజులు

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పాను. ఏటా రెండో ప్రపంచ యుద్ధం పాఠం అయ్యాక పాలస్తీనా సమస్య వచ్చేది. ఏటా ఎవరో ఒక పిల్లాడు లేచి, "ఇంతకీ తప్పెవరిది సార్?" అని అడిగేవాడు. పరీక్షకు సరిపోయే జవాబు పది వాక్యాల్లో చెప్పి బోర్డు తుడిచేసేవాణ్ణి. రిటైరయ్యాక ఆ నేలను కళ్లారా చూడాలనిపించింది. మా చిన్నాయన బిడ్డ అప్పటికి ఆరేళ్లుగా టెల్ అవీవ్ పక్కన రమాత్ గన్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉంది. "రా అన్నా, నేనున్న గద" అంది. 2018 ఫిబ్రవరిలో బయల్దేరాను. అంతకు రెండు నెలల కిందటే అమెరికా జెరూసలేమును ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించింది. ఆ నెల 10న మన ప్రధాని రామల్లా వెళ్లొచ్చారు. అప్పుడు నోటుబుక్కులో రాసుకున్నవాటిని గాజా యుద్ధం తర్వాత మళ్లీ తెరిచి ఇప్పుడు రాస్తున్నాను.

మాది మధిర తాలూకా. 1948 వేసవిలో పక్క ఊరిని రజాకార్లు తగలబెట్టారని కబురు వచ్చిన రాత్రి, మా నాయనమ్మ ఇంటికి ఆలీగఢ్ తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, ఇద్దరు పిల్లలతో ఎద్దుబండెక్కి సర్కారు జిల్లాలోకి పోయింది. సెప్టెంబరు 17న నైజాం లొంగిపోయాడు. ఆ దసరాకు వాళ్లు ఇంటికి వచ్చారు. ఈ కథ వింటూ పెరిగినవాణ్ణి గనకే ఆ దేశంలో నా కళ్లు తాళాల మీదే పడ్డాయి.

మొదటి రోజు, ఫిబ్రవరి 19, సోమవారం: యాఫా

ముంబై నుంచి ఎనిమిది గంటలు. అప్పటికి సౌదీ మీదుగా ఎగరనిచ్చేవారు కాదు కాబట్టి విమానం అరేబియా సముద్రం దాటి, ఎర్రసముద్రం మీదుగా చుట్టు తిరిగి వెళ్లింది. పాస్‌పోర్టులో ముద్ర వెయ్యకుండా చిన్న నీలం చీటీ ఇచ్చారు. ఆ ముద్ర ఉంటే కొన్ని అరబ్బు దేశాలు రానివ్వవట.

చెల్లె సాయంత్రం రెండు గంటలు సెలవు అడిగి వచ్చింది. ఇద్దరం యాఫా పాతబస్తీలో తిరిగాం. మన తెలుగు బైబిల్లో యొప్పే అన్నది ఇదే. సుల్తాన్ అబ్దుల్ హమీద్ పట్టాభిషేకపు పాతికేళ్ల పండక్కి కట్టిన గడియార స్తంభం, దాని వెనక సముద్రం. బత్తాయిలంటే లోకమంతా యాఫా పేరే చెప్పుకున్న కాలం ఉండేది. 1948కి ముందు ఇక్కడ డెబ్బై వేల దాకా అరబ్బులు ఉండేవారు. ఆ ఏప్రిల్ దాడుల తర్వాత, మే 13న ఊరు లొంగిపోయేనాటికి మిగిలింది నాలుగు వేలమంది. చాలామంది పడవలెక్కి గాజాకూ లెబనాన్‌కూ పోయారు.

పక్కనే ఇసుకలో 1909లో మొదలైన ఊరు టెల్ అవీవ్. రోత్‌షీల్డ్ బులెవార్డులో 16వ నంబరు ఇంటి ముందు కాసేపు నిలబడ్డాం. యాఫా లొంగిన మర్నాడు, 1948 మే 14 శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, యూదుల నాయకుడు బెన్ గురియన్ ఇక్కడే ఇజ్రాయెల్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. విశ్రాంతి దినం మొదలవకముందే ముగించాలని సభను అరగంటలో పూర్తిచేశారు. మర్నాడు చుట్టుపక్కల అరబ్బు దేశాల సైన్యాలు దిగాయి.

దీనికి ఆరు నెలల ముందు, 1947 నవంబరు 29న, ఐక్యరాజ్యసమితి ఈ నేలను రెండు దేశాలుగా పంచింది. అనుకూలంగా 33 ఓట్లు, వ్యతిరేకంగా 13, తటస్థంగా 10. వ్యతిరేకించిన పదమూడింటిలో భారతదేశం ఒకటి. సమితి వేసిన కమిటీలో మన ప్రతినిధి అబ్దుర్ రహమాన్, ఇరాన్, యుగోస్లావియా ప్రతినిధులతో కలిసి, పంచవద్దు, ఒకే సమాఖ్యగా ఉంచండని విడిగా నివేదిక ఇచ్చాడు. పంజాబులో రైళ్లు ఎలా వచ్చాయో చూసిన దేశం ఇంకేం చెబుతుంది? యూదుల నాయకత్వం ఆ పంపకానికి ఒప్పుకుంది. అరబ్బు నాయకత్వం కాదంది. జనాభాలో మూడింట రెండొంతులున్న తమకు సగం నేలకన్నా తక్కువ ఎందుకివ్వాలని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేనెప్పుడూ అనుకోలేదు.

రెండో రోజు, మంగళవారం: హైఫా

రైలులో గంట. ముందు భారత సైనికుల సమాధుల దగ్గరికి వెళ్లాను. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు గుర్రాల మీద, చేతుల్లో బల్లేలతో, తుర్కుల మెషిన్ గన్లకు ఎదురెళ్లి ఈ ఊరు గెలిచారు. మేజర్ దల్పత్ సింగ్ ఆ దాడిలోనే పోయాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలోని ముగ్గురు సైనికుల బొమ్మలు ఆ బ్రిగేడువే. ముగ్గురిలో ఒకరు హైదరాబాదు లాన్సర్. ఆ చౌరస్తాకు హైఫా పేరు కూడా కలిపింది నేను వెళ్లడానికి నెల ముందే. మనవాళ్లు ప్రాణాలిచ్చి గెలిచిన ఊరు బ్రిటిష్‌వాడి చేతికి పోయింది, ముప్పై ఏళ్లు వాడి దగ్గరే ఉంది.

మధ్యాహ్నం వాది నిస్నాస్ అనే అరబ్బు పేట. ఇరుకు సందులు, యాలకుల కాఫీ వాసన, మేడల మీద బట్టలు. హైఫాలో అరబ్బులు అరవై డెబ్బై వేలు ఉండేవారు. 1948 ఏప్రిల్ 21, 22 తేదీల్లో యూదుల సేన హగనా ఊరిని పట్టుకుంది. మోర్టారు గుండ్లు బజారులో పడుతుంటే జనం రేవు వైపు పరుగెత్తారు. యూదు మేయరు షబ్తాయ్ లెవీ ఉండిపొమ్మని అరబ్బు పెద్దలను బతిమాలాడు. వాళ్లు ఉండలేమన్నారు. కొన్ని వేలమందే మిగిలారు.

వాళ్లు తమంతట తామే వెళ్లారా, వెళ్లగొట్టారా అన్నది డెబ్బై ఏళ్లుగా నలుగుతున్న తగువు. కొన్ని ఊళ్లను సైనికులు తుపాకులు చూపించి ఖాళీ చేయించారు. లిద్దా, రమ్లా ఊళ్లవాళ్లను ఆ జులై ఎండలో నడిపించారు. కొన్ని ఊళ్లు భయంతో ఖాళీ అయ్యాయి. హైఫా పడడానికి రెండు వారాల ముందే దేర్ యాసీన్ అనే ఊళ్లో వందమందికి పైగా చనిపోయారు. ఆ కబురు చెవిన పడ్డ తల్లి పిల్లల్ని తీసుకుని పోవడాన్ని ఏమనాలి? మా నాయనమ్మను కూడా ఎవరూ పొమ్మనలేదు. పక్క ఊరు తగలబడింది, అంతే.

మూడో రోజు, బుధవారం: జెరూసలేము పాతనగరం

దమస్కస్ గేటు దగ్గర చిన్న సత్రంలో దిగాను. ఎముకలు కొరికే చలి, సన్నని వాన.

యాఫా గేటు నుంచి మొదలుపెట్టాను. 1917 డిసెంబరు 11న జనరల్ అలెన్‌బీ గుర్రం దిగి ఈ గేటులోంచి నడిచి వచ్చాడు. నాలుగు వందల ఏళ్ల తుర్కుల పాలన ఆ నడకతో ముగిసింది. అప్పటికి నెల రోజుల ముందే, నవంబరు 2న, బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫర్ ఒక చిన్న ఉత్తరం రాశాడు. అసలు వాక్యం ఇంగ్లీషులో 67 మాటలు. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడేందుకు తోడ్పడతామని, అక్కడున్న 'యూదేతర సముదాయాల' పౌర, మత హక్కులకు భంగం రానివ్వబోమని. క్లాసులో ఈ వాక్యం ఎన్నోసార్లు చదివి వినిపించాను. అరబ్బులన్న పేరు అందులో లేదని ఆ గేటు కింద నిలబడ్డప్పుడు గట్టిగా తగిలింది. అప్పటి జనాభాలో పదింట తొమ్మిదిమంది వాళ్లే. వాళ్లకు ఇచ్చిన మాట వేరే ఉంది: తుర్కుల మీద తిరగబడితే స్వతంత్ర రాజ్యం ఇస్తామని మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్‌కు 1915, 16ల్లో ఉత్తరాలు. 1916లోనే ఫ్రాన్స్‌తో చాటుగా ఇంకో ఒప్పందం. ఒకే పొలాన్ని ముగ్గురికి రాసిచ్చి, రిజిస్ట్రారు తానే అయి కూర్చున్నాడు బ్రిటిష్‌వాడు.

క్రీస్తు సమాధి చర్చి తలుపు తాళంచెవి తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది. తలుపు తీసి మూసేది ఇంకో ముస్లిం కుటుంబం. లోపలి క్రైస్తవ శాఖలు ఒకరినొకరు నమ్మక పెట్టుకున్న ఏర్పాటిది. ఆ పెద్ద ఇనుప చెవిని చూసేందుకు గంటసేపు చలిలో నిలబడ్డాను. అది అడుగు పొడుగుంది.

యూదులకు పరమ పవిత్రమైన పడమటి గోడ ముందు పెద్ద మైదానం. నల్లకోట్ల వృద్ధులు గోడకు నుదురు ఆనించి ఊగుతూ ప్రార్థిస్తున్నారు. 1948 నుంచి 1967 దాకా, పాతనగరం జోర్డాన్ చేతిలో ఉన్నన్నాళ్లు, వాళ్లను ఈ గోడ దగ్గరికి రానివ్వలేదు. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దీన్ని గెలుచుకున్నాక సైనికులు ఏడ్చారంటే నాకు అర్థమవుతుంది. అయితే ఈ మైదానం అప్పుడు లేదు. మొరాకోవాళ్ల పేట ఉండేది, 135 ఇళ్లు. యుద్ధం ముగిసిన రాత్రే బుల్డోజర్లు వచ్చాయి. ఇళ్లలోవాళ్లకు సామాను సర్దుకునేందుకు ఇచ్చిన వ్యవధి గంటల్లోనే. ఒకరి పందొమ్మిదేళ్ల ఎదురుచూపు తీరిన చోటే ఇంకొకరి గడప పోయింది. నేను నిలబడ్డ రాళ్లు ఎవరి వాకిలో తెలియదు.

సాయంత్రం హెరోద్ గేటు పక్కన భారతీయ సత్రం చూశాను. పంజాబు నుంచి సుమారు 1200 నాటికి వచ్చిన బాబా ఫరీద్ ఇక్కడ ధ్యానం చేశాడంటారు. 1924 నుంచి సహరన్‌పూర్ నుంచి వచ్చిన అన్సారీల కుటుంబం దీన్ని చూసుకుంటోంది. గేటు మీద హిందీ అక్షరాలు చూడగానే గొంతు పట్టేసింది.

రాత్రి పుస్తకంలో ఒక తేదీ కనబడి నిద్ర రాలేదు. 1948 సెప్టెంబరు 17. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ ఫోక్ బెర్నడోట్‌ను ఇదే ఊళ్లో లెహీ అనే యూదు తీవ్రవాద దళం కాల్చి చంపిన రోజు. శరణార్థులకు ఇళ్లకు తిరిగి వెళ్లే హక్కుండాలని ఆయన సిఫారసు చేశాడు. మా నాయనమ్మకు తిరుగుదారి తెరుచుకున్న తేదీ కూడా అదే.

నాలుగో రోజు, గురువారం: యాద్ వషేమ్, లిఫ్తా

హిట్లర్ కాలంలో హత్యకు గురైన యూదుల స్మారకం యాద్ వషేమ్. దాని గురించి ఎక్కువ రాయలేను. పేర్ల మందిరంలో తలెత్తితే గోపురం నిండా ఫొటోలు, చుట్టూ అరల నిండా ఫైళ్లు. అరవై లక్షల మంది. కొన్ని అరలు ఖాళీగా ఉంచారు, పేర్లు ఇంకా దొరకలేదు. నన్ను ఎక్కువ కలచింది మూసిన తలుపుల చరిత్ర. 1938లో ఎవియాన్‌లో ముప్పైకి పైగా దేశాలు కూర్చుని యూదు శరణార్థులను దాదాపు ఎవరూ తీసుకోలేదు. 1939లో సెయింట్ లూయీ ఓడ తొమ్మిది వందల మందితో క్యూబా దాకా, అమెరికా తీరం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అదే ఏడు బ్రిటన్ పాలస్తీనాలోకి అయిదేళ్లకు 75 వేలమందే రావాలని గీత గీసింది. వాళ్లకు పోయేందుకు ఇంకో చోటు లేదు. ఈ ముక్క మరిచిపోయి పాలస్తీనా పక్షాన మాట్లాడేవాళ్లు నాకు నచ్చరు.

బయటికి వచ్చి ఉత్తరం వైపు లోయ అవతల చూస్తే కొండ మీద కొన్ని పాత రాతి ఇళ్లు చెట్ల మధ్య కనిపిస్తాయి. ఇప్పుడది మానసిక వైద్యశాల. అవి దేర్ యాసీన్ ఇళ్లు. 1948 ఏప్రిల్ 9న ఇర్గున్, లెహీ దళాలు అక్కడ ఆడవాళ్లను, పిల్లల్ని కూడా చంపాయి. నాలుగు రోజులకు హదస్సా ఆస్పత్రికి వెళ్తున్న బస్సుల మీద అరబ్బులు దాడి చేసి డాక్టర్లూ నర్సులూ సహా 78 మందిని చంపారు. అరవై లక్షల పేర్లను తలచుకున్న చోటు నుంచి ఆ ఊరికి దారి చూపే పలక ఒక్కటీ నాకు కనబడలేదు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. జెరూసలేములోకి వచ్చే పెద్ద రోడ్డు పక్కన లోయలోకి దిగితే లిఫ్తా. ఖాళీ అయిన నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఎక్కువ వాటి ఆనవాలే లేదు. ఇక్కడ యాభైకి పైగా ఇళ్లు గోడలతో సహా నిలబడి ఉన్నాయి. రెండంతస్తుల రాతి మేడలు, వంపు కిటికీలు, పైకప్పుల్లో బొక్కలు. ఎవరూ చేరకుండా కావాలనే కప్పులు పగలగొట్టారట. బాదం చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. ఊటబావి నీళ్లలో ముగ్గురు యూదు కుర్రాళ్లు ఆ చలిలో మునుగుతున్నారు. వాళ్ల కేరింతలు లోయంతా మోగుతున్నాయి.

ఒక ఇంట్లో పొయ్యి గూడు దగ్గర గోడ ఇంకా నల్లగా ఉంది. ఆ మసి వెళ్లినవాళ్లదో, తర్వాత 1950ల్లో ఇక్కడ కాపురం పెట్టించిన యెమెన్, కుర్దిస్తాన్ యూదులదో. వాళ్లు కూడా అన్నీ వదిలేసి వచ్చినవాళ్లే. గుమ్మంలో కూర్చుండిపోయాను. తలుపులు లేవు, రాతిలో గడియ దిగే గుంట మాత్రం ఉంది.

ఐదో రోజు, శుక్రవారం: బెత్లెహేము

దమస్కస్ గేటు నుంచి బస్సు. ఎక్కినవాళ్లలో సగం గుంటూరు వైపు యాత్రికులేమో అనిపించేంత తెలుగు వినిపించింది, నిజంగానే వాళ్లే. 'హోలీ ల్యాండ్' యాత్రకు వచ్చిన జట్టు, తమ బస్సు ఆలస్యమైతే ఇందులో ఎక్కారు. నేటివిటీ చర్చిలో వెండి నక్షత్రం దగ్గర మోకరించి పాట అందుకున్నారు. వాళ్లలో ఒక పెద్దమ్మ నన్ను చూసి, "ఆ గోడేంటి నాయనా, జైలా?" అని అడిగింది. వాళ్ల గైడు ఆ సంగతి చెప్పలేదు.

గోడ ఎనిమిది మీటర్ల కాంక్రీటు. రెండో ఇంతిఫాదాలో, అంటే పాలస్తీనీయుల రెండో తిరుగుబాటులో, 2000 నుంచి 2005 దాకా, బస్సుల్లో, హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. వెయ్యిమంది దాకా ఇజ్రాయెలీలు, మూడు వేలమంది దాకా పాలస్తీనీయులు చనిపోయారు. 2002లో ఇజ్రాయెల్ గోడ మొదలుపెట్టింది. బాంబులు తగ్గాయని వాళ్లంటారు. కానీ గోడ 1949 నాటి కాల్పుల విరమణ సరిహద్దు అయిన 'ఆకుపచ్చ గీత' మీద కట్టలేదు. ఎక్కువ భాగం గీత దాటి పాలస్తీనా నేలలోకి వచ్చింది. 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం అది చట్టవిరుద్ధమంది. పొలం గట్టు జరిపినవాడు దొంగల భయమని చెబితే మన పల్లెల్లో ఒప్పుకుంటామా?

గోడకు ఆనుకుని ఐదా శరణార్థి శిబిరం. 1950లో డేరాలతో మొదలైంది. పదిహేడు ఎకరాల్లో అయిదు వేలమందికి పైగా. నేల లేక ఇళ్లు పైకే పెరుగుతున్నాయి. శిబిరం గేటు మీద పెద్ద ఇనుప తాళంచెవి బొమ్మ పడుకోబెట్టి ఉంది.

అక్కడ టీ అంగట్లో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. 81 ఏళ్లు. మనవడు ఇంగ్లీషులో చెప్పాడు. సొంతూరు మల్హా. ఇక్కడికి గట్టిగా ఏడెనిమిది కిలోమీటర్లు. దేర్ యాసీన్ కబురు విన్న వారానికి బయల్దేరారు. ఆయనకప్పుడు పదకొండేళ్లు. పది రోజుల్లో వస్తామని కోళ్లకు గింజలు చల్లి వచ్చారట. 1948 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం, పొరుగువారితో శాంతిగా ఉండదలచిన శరణార్థులను ఇళ్లకు వెళ్లనివ్వాలంది. 1950లో ఇజ్రాయెల్ 'ఊళ్లో లేనివారి ఆస్తి' చట్టం చేసి ఆ ఇళ్లను, పొలాలను సర్కారు చేతిలోకి తీసుకుంది. మల్హాలో ఇప్పుడు పెద్ద షాపింగ్ మాలు, ఫుట్‌బాల్ స్టేడియం ఉన్నాయి. ఏడు లక్షలమంది ఆ యుద్ధంలో ఇలాగే పోయారు. పాలస్తీనీయులు దాన్ని నక్బా అంటారు, మహావిపత్తు అని.

"చెవి ఉందా?" అని అడిగాను. ఆయన ఇంట్లోకి వెళ్లి గుడ్డలో చుట్టిన చెవి తెచ్చాడు. తుప్పు రాలకుండా నూనె రాసి ఉంది. నా అరచేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. మా నాయనమ్మ సంగతి చెప్పాను. మనవడు అరబ్బీలో చెబుతుంటే ఆయన నా మొహమే చూస్తున్నాడు. "ఎన్ని నెలలకు వెళ్లారు?" అన్నాడు. నాలుగైదు నెలలన్నాను. "అల్‌హమ్దులిల్లా" అని నా భుజం తట్టాడు. ఆయన కళ్లలో ఈర్ష్య వెతికాను. లేదు.

వచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర పర్మిట్ ఉన్న పాలస్తీనీయులందరినీ బస్సు దింపి వరుసలో నిలబెట్టారు. నేను విదేశీయుణ్ణి కాబట్టి సీట్లోనే కూర్చోమన్నారు. మల్హాకు నేను ఆ సాయంత్రమే వెళ్లగలను. ఆయన వెళ్లలేడు.

ఆరో రోజు, శనివారం

యూదుల విశ్రాంతి దినం. ఇజ్రాయెల్ బస్సుల్లేవు. వాన. గదిలోనే ఉండి నోట్సు రాసుకున్నాను.

ఏడో రోజు, ఆదివారం: హెబ్రోను

ఫిబ్రవరి 25. ఈ తేదీ ఏమిటో అక్కడికి వెళ్లేదాకా గుర్తు రాలేదు.

అబ్రాహాము భార్య శారాను పాతిపెట్టేందుకు మక్పేలా గుహను 400 తులాల వెండి ఇచ్చి కొన్నాడని ఆదికాండం. ఊరివాళ్లు ఊరికే ఇస్తామన్నా ఒప్పుకోకుండా వెల కట్టి ఇచ్చాడు. యూదులకూ ముస్లింలకూ ఆయనే మూలపురుషుడు. గుహ మీది కట్టడం సగం మసీదు, సగం యూదుల ప్రార్థనాస్థలం. మధ్యలో ఒకే సమాధిని రెండు వైపుల నుంచి ఇనుప కమ్ముల కిటికీల్లోంచి చూస్తారు. 1967కి ముందు శతాబ్దాల పాటు యూదులను ఏడో మెట్టు దాటనిచ్చేవారు కాదు.

1929 ఆగస్టులో ఈ ఊళ్లో అరబ్బు మూకలు 67 మంది యూదులను చంపాయి. తరతరాలుగా పక్కింట్లో బతికినవాళ్లను. వందలమందిని అరబ్బు ఇరుగుపొరుగువాళ్లే తమ ఇళ్లలో దాచి కాపాడారు. మిగిలినవాళ్లను బ్రిటిష్‌వాళ్లు ఊరు దాటించారు. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ శుక్రవారం తెల్లవారుజామున, బరూక్ గోల్డ్‌స్టైన్ అనే యూదు వలస నివాసి మసీదులో నమాజు చేస్తున్నవాళ్ల మీద తుపాకీ పేల్చి 29 మందిని చంపాడు. ఆ రోజుకు సరిగ్గా 24 ఏళ్లు. ఓస్లో శాంతి ఒప్పందం మీద ఇజ్రాయెల్ ప్రధాని రబీన్, పాలస్తీనా నేత అరాఫత్ చేతులు కలిపిన అయిదు నెలలకే అది జరిగింది. మర్నాటి ఏడు నవంబరులో రబీన్‌ను కూడా ఒక యూదు కుర్రాడే చంపాడు.

హత్యాకాండ తర్వాత కర్ఫ్యూ పెట్టింది చనిపోయినవాళ్ల పేటలోనే. షుహదా వీధిలో అంగళ్ల పచ్చ తలుపులు వెల్డింగు చేసి ఉన్నాయి. నాలుగు అడుగులకో తాళం తుప్పుపట్టి వేలాడుతోంది. 1997లో ఊరిని రెండు ముక్కలు చేశారు. కొన్ని వందలమంది యూదు నివాసుల కోసం అయిదో వంతు ఊరు ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. పాత బజారు మీద ఇనుప వల కట్టారు, పైనుంచి విసిరిన సీసాలు, చెత్త దాని మీద నిలిచాయి. ఇన్ని రోజుల్లో నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇద్దరి దుఃఖమూ నిజమే. కానీ ఒకరి చేతిలో సైన్యం ఉంది, ఇంకొకరు తమ వీధిలో తాము నడిచేందుకు దాని అనుమతి అడగాలి.

ఎనిమిదో రోజు, సోమవారం: గాజా సరిహద్దు

స్దెరోత్ ఊళ్లో బస్టాపులు కూడా కాంక్రీటు గదులే. రాకెట్ సైరన్ మోగితే తలదాచుకునేందుకు పదిహేను సెకన్లు. పిల్లల పార్కులో రంగులు వేసిన గొంగళిపురుగు బొమ్మ కూడా లోపల బంకరే.

అక్కడి నుంచి నెతీవ్ హఅసరా అనే పల్లె. సరిహద్దు గోడకు ఆనుకుని ఉంటుంది. ఊరివాళ్లలో ఒకామె మొదలుపెట్టిన పని ఒకటుంది: వచ్చినవాళ్లు గోడ మీద రంగు పింగాణీ ముక్క ఒకటి అంటించి వెళ్తారు. 'శాంతి బాట' అని పేరు. నేను నీలం పువ్వు అంటించాను. వెనక తెలుగులో మా నాయనమ్మ పేరు రాశాను. గోడకు అవతల బైత్ హనూన్ ఇళ్లు, మసీదు స్తంభం కనిపించాయి. గాజా మొత్తం 365 చదరపు కిలోమీటర్లలో ఇరవై లక్షలమంది. వాళ్లలో పదింట ఏడుగురు 1948లో యాఫా వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. 2005లో ఇజ్రాయెల్ అక్కడి వలస నివాసాలు ఖాళీ చేసింది, 2007లో హమాస్ పట్టు బిగించింది, అప్పటి నుంచి దిగ్బంధం.

2023 అక్టోబరు 7 ఉదయం హమాస్ మనుషులు ఆ గోడ మీదుగా గ్లైడర్ల మీద ఆ పల్లెలో దిగారు. ఇళ్లలో ఉన్నవాళ్లను చంపారు. ఆ ఒక్క రోజు సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా తీసుకుపోయారు. పడకల్లో ఉన్న పిల్లల్ని, ముసలివాళ్లను చంపడానికి ఏ చరిత్రా సమర్థన కాదు. ఆ తర్వాత రెండేళ్లలో గాజాలో 67,000 మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. వాళ్లలో వేలకు వేలు పిల్లలు. ఆకలికి ఎండిన పసిబిడ్డల బొమ్మలు చూశాం. దానికీ ఏ చరిత్రా సమర్థన కాదు. బైత్ హనూన్ నేలమట్టమైంది. నేను చూసిన మసీదు స్తంభం కోసం ఉపగ్రహ చిత్రాల్లో వెతికాను. వీధులే గుర్తుపట్టలేకపోయాను.

ఆ అక్టోబరు రోజు చెల్లె ఫోన్ చేసింది. వీల్‌చైరులో పెద్దావిడను మెట్ల కిందికి చేర్చి, సైరన్ ఆగేదాకా ఆమె చెవులు మూసి పట్టుకుందట. ఐదా నుంచి మనవడు పెట్టిన మెసేజీలో రెండే మాటలు: పర్మిట్లు రద్దు.

తొమ్మిదో రోజు, ఫిబ్రవరి 27, మంగళవారం: రమాత్ గన్

విమానం రాత్రికి. మధ్యాహ్నం భోజనానికి చెల్లె పని చేసే ఇంటికి వెళ్లాను. ఆమెను చెల్లె 'సవ్తా' అంటుంది, హీబ్రూలో అవ్వ అని. 86 ఏళ్లు. పుట్టింది బాగ్దాద్‌లో. టీవీలో అరబ్బీ పాట వస్తోంది. "సవ్తాకు గా పాటలంటే పానం అన్నా. గవి పెడితేనే తింటది" అంది చెల్లె.

బీట్‌రూట్ పులుసులో ఉడికించిన కుబ్బే ఉండలు పెట్టారు. పక్కన పసుపుపచ్చటి మామిడి పచ్చడి. దాన్ని అంబా అంటారట. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా ఇరాక్‌లో అలవాటైంది. మామిడికాయను మన భాషలకు దగ్గరి మాటతో పిలుస్తున్న ఆ ఇంట్లో నాకు కొత్త పోయింది.

1941 జూన్‌లో, ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, బాగ్దాద్‌లో రెండు రోజులు యూదుల ఇళ్ల మీద పడ్డారు. నూట ఎనభైమంది దాకా చనిపోయారు. వాళ్లను పక్కింటి ముస్లిం దర్జీ మేడమీద దాచాడు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక అనుమానాలు, అరెస్టులు ఇంకా పెరిగాయి. 1950, 51ల్లో లక్షా ఇరవై వేలమంది విమానాల్లో వచ్చేశారు. పౌరసత్వం వదులుకోవాలి, మనిషికి యాభై దినార్లే. 1951 మార్చిలో సర్కారు వాళ్ల ఆస్తులన్నీ స్తంభింపజేసింది. ఇక్కడ డేరాల్లో మొదలుపెట్టారు, ఆమె తొలికాన్పు డేరాలోనే. అరబ్బు దేశాల నుంచి ఇలా వచ్చేసినవాళ్లు అంతా కలిపి ఎనిమిది లక్షల పైచిలుకు. నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో వీళ్లకు ఒక్క వాక్యం లేదు.

ఎక్కడెక్కడ తిరిగావని అడిగింది. బెత్లెహేము అనగానే ముందుకు వంగింది. ఇజ్రాయెలీలు అక్కడికి రాకూడదని రోడ్డు మీద ఎర్ర బోర్డు ఉంటుంది. ఆమె వెళ్లి ఇరవై ఏళ్లట. మల్హా ఆయన గురించి, నూనె రాసిన చెవి గురించి చెప్పాను. చెల్లె హీబ్రూలో చెబుతోంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"మా ఇంటికి తాళం సర్కారు వేసింది. చెవి మాకివ్వలేదు" అంది తర్వాత.

మా నాయనమ్మ సంగతి కూడా చెప్పాను. సుత్తె, రోకలి, ఉట్టి అన్నీ ఉన్నచోటనే ఉన్నాయని, గడ్డివామి ఒక్కటే కాలిపోయిందని. ఉట్టి అంటే ఏమిటో హీబ్రూలో చెప్పేందుకు చెల్లె చేతులతో గాలిలో గీసి చూపించింది. ఆమె ఉట్టి సంగతి వదిలేసి నన్నే చూస్తూ అరబ్బీలో ఏదో అడిగింది, మళ్లీ హీబ్రూలో అడిగింది.

"తలుపు ఉండెనా అంటుంది అన్నా."

ఉందన్నాను.

"తెరుచుకుందా అంటుంది."

తెరుచుకుందని చెప్పాను.